నీళ్ళు చేరేంత సేపు

పోలన్న మీసానికి మంట అంటుకుంది.

సొంత మీసం కాదు గనక సరిపోయింది. మేకవెంట్రుకలు జిగురుతో అతికించుకున్న విద్వాంసుడి మీసం అది. దాన్ని పీకి అవతల పారేసి, వెనక్కి దూకి, మళ్ళీ వచ్చి రెండు ఇనప సింహాల మధ్య నిలబడ్డాడు.

స్వర్ణతోరణ నగరపు పడమటి ద్వారం అది. సింహాలు ఒక్కొక్కటీ ఏనుగంత ఉన్నాయి. కళ్ళకు కెంపులు, జూలుకు రాగితీగలు, గోళ్ళకు వెండితొడుగులు, నోట్లో ఎన్నడూ ఆరని మంట. రాజసభకు పోయే పాటగాడు వాటి మధ్య నిలబడి రాగం ఎత్తుకోవాలి. శ్రుతి కుదిరితే సింహాలు నోరు మూసుకుంటాయి. తప్పితే కాల్చేస్తాయి. పక్కనే గోడకు ఒక చీపురూ చేటా ఆనించి పెట్టారు, బూడిద ఎత్తడానికి. ప్రజల విషయంలో అంత ముందుచూపు గల ప్రభుత్వం!

పోలన్న మోట తోలేవాడు. ఎద్దుల్ని ముందుకీ వెనక్కీ నడిపించి, తోలుబానతో బావిలో నీళ్ళు పైకి లాగి, కాలవలో దిమ్మరించడం అతని పని. అతని గొంతు గిలక కీచుమన్నట్టు ఉంటుంది. ఆ మాట ఎవరైనా అంటే తంతాడు గానీ, నిజం అతనికీ తెలుసు. రెండోసారి రాగం ఎత్తుకున్నాడు. రెండోసారీ తప్పింది. ఎడమ సింహం నోరు బారెడు తెరిచింది.

ఇక పాటతో ఈ పని జరగదని తేలిపోయింది. ఎద్దు మొరాయిస్తే ఏం చేస్తాడో అదే చేశాడు. మెడ కిందికి దూరి, జూలు పట్టుకుని, మూతి ఒక్క గుంజు గుంజాడు. మంట పోయి కుడి సింహం మొహాన కొట్టింది. దాని కెంపు కన్ను టప్పున పేలింది. అది ఊరుకుంటుందా? దీని మీదికి ఊదింది. రెండూ ఒకదాన్నొకటి కాల్చుకుంటుంటే పోలన్న వాటి కాళ్ళ సందున దొర్లి లోపల పడ్డాడు. పట్టుశాలువ సగం కాలిపోయింది. గంధంబొట్టు చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది.

కాపలావాళ్ళేమయ్యారంటారా? వాన వెలిసిన మిట్టమధ్యాహ్నపు ఎండకు తాళలేక గోడనీడన మజ్జిగ తాగుతున్నారు. కాలిన వాసన వాళ్ళకు కొత్తేమీ కాదు.

పోలన్న పడ్డచోటు ఘటశాల. తల ఎత్తి చూస్తే కుండలు, తల తిప్పితే కుండలు. నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా కుండలు. పొట్టలకు పసుపు పూసి, నెమళ్ళూ చిలకలూ తామరతీగలూ దిద్ది, మూతులకు ఎర్రటి లక్క పోసి ముద్రలు వేశారు. ఆ ముద్రల కింద తేనెటీగల తుట్టెలో ఉన్నట్టు సన్నటి రొద. అన్నీ గొంతులే. ఒక్కో కుండలో ఒక్కో మనిషి గొంతు.

"ఎవుర్రా అది? పైనేమో పట్టు. లోపలంతా ఎద్దుల కంపు!"

కుంపటి ముందు కూచుని లక్క కరిగిస్తున్న ముసలమ్మ అరిచింది. కుండలకు ముద్రలు వేసేది ఆమే. అందరూ లక్కవ్వ అంటారు.

"నేను దక్షిణదేశపు విద్వాంసుణ్ణమ్మా."

"నీ మొగం. విద్వాంసుని అరచేతిలో పగ్గం కాయలుంటాయా? నిజం చెప్తావా, కాపలావోళ్ళను పిలవల్నా?"

పోలన్న మిగిలిన సగం శాలువతో మొహం తుడుచుకున్నాడు. "నా పెండ్లాం గొంతు ఈడుంది అవ్వా. తీసకపోను వచ్చినా."

"ఊళ్ళో పెండ్లాలందరి గొంతులూ ఈడనే ఉండాయి. యాదో ఒకటి ఎత్తుకోని పో."

"ఎకసక్కాలాడొద్దవ్వా. దాని నీడ పలచబడతాంది."

లక్కవ్వ చేతిలో గరిటె ఆగింది.

అసలు సంగతి ఇది. రాజు విజయధ్వజుడి కూతురు ఏట్లో పడి చనిపోయింది. ఆనాడు రాజుకు ఏడుపు రాలేదు. రాని ఏడుపు రొమ్ము మీద రాయై మొలిచింది. మొదట అరచెయ్యంత. తరవాత పలకంత. అది గొంతు దాకా పాకితే రాజు శిలైపోతాడనీ, ఒక్కసారి ఏడిస్తే కరిగిపోతుందనీ వైద్యులు చెప్పారు. అప్పుడు ఘటకాలుడనే మాంత్రికుడు ముందుకొచ్చి, లోకంలోని గొంతులన్నీ పట్టుకొచ్చి పాడిస్తాను, రాజుగారు ఏడవకపోతే అడగండి అన్నాడు. అంతే. రాజుకు ఏడుపు రాలేదని ఊళ్ళకు ఊళ్ళు మూగబోయాయి. జోలపాటలు పోయాయి. నాట్ల పాటలు పోయాయి. తప్పిపోయిన మేకను పిలిచే కేక కూడా పోయింది. ఇదెక్కడి న్యాయమని ఒక్క మంత్రి నోరెత్తలేదు, ఎత్తితే ఆ నోరూ కుండలోకి పోతుందని.

గొంతు పోయిన మనిషికి నీడ పలచబడుతుంది. నీడ పూర్తిగా పోయిన రోజున మనిషీ పోతుంది. పోలన్న ఇల్లు వదిలిన నాటికి అతని భార్య గురివి నీడ నీళ్ళమజ్జిగలా ఉంది. గడపలో నిలబడి ఆమె నోరు కదిపింది. ఏమన్నదో వినబడలేదు. వానల్లో తడుస్తూ అడవులూ లోయలూ దాటినన్నాళ్ళూ, ఆ కదిలిన పెదవుల్లో ఏ మాట ఉండిందా అన్నదొక్కటే అతన్ని తొలిచేస్తూ వచ్చింది.

"నీ పెండ్లాం కుండ యాదో ఎట్ల కనుక్కుంటావురా? నాకే తెల్దే!" అంది లక్కవ్వ.

"నేను పాడితే అది పలుకుతాది."

"ఈడ పలకవు. సభలో ఆ సచ్చినోడు దండం తడితేనే ముద్రలు వదులవుతాయి." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "కుండలు మోసే కూలోడు ఒకడు ఈ పొద్దు రాలేదు. ఎత్తుకో. ఆ శాలువ నా కుంపట్లో పారెయ్, నీకు బాగలేదు."

సభామంటపం చూస్తే కళ్ళు చెదురుతాయి. చంద్రకాంతపు స్తంభాలు, వాటికి బంగారు లతలు, లతలకు పచ్చల ఆకులు. పైన పాలనురుగు లాంటి మేలుకట్లు. నేల మీద నీళ్ళని భ్రమపడి చీర కుచ్చిళ్ళు ఎత్తుకునేటంత నున్నటి గచ్చు. నడుమ సింహాసనం. దాని మీద విజయధ్వజుడు. రాయి మెడ ఎముకల దాకా వచ్చేసింది. తల తిప్పాలంటే మొండెమంతా తిప్పుతున్నాడు. ఎదురుగా అరల నిండా మోసుకొచ్చిన కుండలు వరసలు తీరాయి, పక్కన కుంపటితో లక్కవ్వ కూచుంది.

ఘటకాలుడు నల్లపిల్లి తోలు కప్పుకుని, ఎముక దండంతో నేల తట్టాడు. కుండలన్నీ ఒక్కసారిగా పాడాయి.

ఆ పాటకు వంక పెట్టలేం. పట్టుదారం మీద ముత్యం జారినట్టు ఒక్కో స్వరం జారింది. ఊపిరి పీల్చుకునే చప్పుడు లేదు, దగ్గు లేదు, సందు లేదు. ఒక గొంతు ఆగేలోగా ఇంకో గొంతు అందుకుంది. సభ మొత్తం ఆహా ఓహో అని తలలాడించింది. పాట అయ్యాక అందరూ రాజు వైపు చూశారు.

"బాగుంది," అన్నాడు విజయధ్వజుడు. "తరవాత?"

ఆ "తరవాత" అనే మాటలో ఎంత అలసట ఉందో పోలన్నకు వినబడింది. జాలి వేయబోయింది. గురివి నీడ గుర్తొచ్చి ఆ జాలిని అక్కడే నొక్కేశాడు. మోస్తున్న కుండ కింద పెట్టి ముందుకు నడిచాడు.

"తరవాత నేను పాడతా సామీ. దానికి ముందు ఒక మాట. ఈ పాడిన గొంతుల్లో నా పెండ్లాంది ఒకటుంది. మా మిరప తోటలో నిలబడి ఉండంగా ఈ దొంగ లాక్కోనొచ్చినాడు. నీకు ఏడుపు రాకపోతే నువ్వు చూసుకో, నా ఇంట్లో గొంతు ఎందుకు తీస్తావు?"

సేనాపతి కత్తి దూశాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు. ఘటకాలుడు మాత్రం నవ్వాడు.

"మూర్ఖుడా! ఇన్ని కుండల్లో నీ భార్య గొంతు ఏదో చూపించు, పట్టుకుపో. తప్పుగా చూపించావా, చూపించలేకపోయావా, నీ గొంతు కూడా నాదే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోక?" అన్నాడు పోలన్న.

మోట పాట ఒక్కరు పాడేది కాదు. బావి గట్టున మొగుడు, తోట చివర పెళ్ళాం, మధ్యలో పొడుగాటి కాలవ. అతను బాన దిమ్మరించి ఒక చరణం వదులుతాడు. ఆ నీళ్ళు పారుకుంటూ పోయి చివరి మడిలో ఆమె కాళ్ళు తడిపాక ఆమె జవాబు చెబుతుంది. నీళ్ళు అందాయనడానికి ఆ జవాబే కబురు. కాళ్ళు తడవకముందే పాడిందా, అబద్ధం చెప్పినట్టు. అతను ఎద్దుల్ని ఆపేస్తాడు, తోట ఎండుతుంది. అందుకని సరసమాడే రోజుల్లో కూడా గురివి తొందరపడేది కాదు. వాళ్ళ కాపురంలో సగం, చరణానికీ చరణానికీ నడుమ చెవి రిక్కించుకుని నిలబడడంలోనే గడిచింది.

పోలన్న గిలక గొంతు విప్పాడు.

"బాన నిండా తోడితి, కాలవ కొదిలితి,
యాడిదాకొచ్చెనే నీళ్ళూ...
యెవరి పాదము తడిసెనే..."

చివరి మాట గాలిలో ఉండగానే మూడో వరసలో ఒక కుండ అందుకుంది.

"మిరప మొదలు తడిసె మావా,
నా మెట్టెల దాకొచ్చె మావా..."

గురివి గొంతే! అదే ఒరవడి, అదే "మావా" దగ్గర సాగదీత.  పోలన్న రెండు అంగల్లో ఆ కుండ దగ్గరికి ఉరికాడు. చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏం? తీసుకో," అన్నాడు ఘటకాలుడు.

"ఇంత బిరీన నీళ్ళెట్ల పారతాయి?" అన్నాడు పోలన్న. "ఇది దాని గొంతు మాదిరుంది. అది కాదు, నువ్వు పలికించింది."

మాంత్రికుడి మొహాన నవ్వు కొంచెం వంకరైంది. పోలన్న తిరిగి నడుమకు వచ్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

మాట లేదు, పాట లేదు. సభకు మొదట అర్థం కాలేదు. మరిచిపోయాడేమో అని ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఆ నవ్వూ అణిగింది. నిలబడ్డవాడి మొహం అట్లా ఉంది. వాడు ఎవరికోసమో వింటున్నాడు. వాడు వింటుంటే వీళ్ళూ వినడం మొదలుపెట్టారు. ఏం వినాలో వీళ్ళకు తెలియదు. తెలియదు గనక ఎవరిది వాళ్ళు విన్నారు. సేనాపతి చేతిలో కత్తి కిందికి వాలింది. చిన్నప్పుడు అన్నానికి పిలిచే అక్క కేక కోసం అతను చెవి ఒగ్గాడు. వింజామర వీచే దాసి వీచడం మరిచింది. లక్కవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. విజయధ్వజుడు సింహాసనం మీద ముందుకు వంగాడు. మేడమెట్ల మీద కాలి గజ్జెలు దిగివస్తాయేమోనని చూసేవాడిలా వాకిలి వైపు చూస్తున్నాడు. రొమ్ము మీది రాయి చిటుక్కుమంది.

పోలన్న ఇవేవీ చూడలేదు. అతను నీళ్ళతో పాటు నడుస్తున్నాడు. తంగేడు పొద దాటాయి. బండ మలుపు తిరిగాయి. వంగమడి గట్టు పక్కన పారాయి. మిరపతోటలోకి దిగాయి. మొదటి మడి. నడిమి మడి. చివరి మడి. ఇప్పుడు. ఇప్పుడు పలకాలి.

పలకలేదు.

ఇంకొంచెం ఆగాడు. ఎక్కడైనా గట్టు తెగిందేమో, ఆమె సర్దుతోందేమో అనుకుని ఇంకొంచెం ఆగాడు. కుండల రొద తప్ప ఏమీ లేదు. అతని భుజాలు జారిపోయాయి. ఇంటి దగ్గర ఆ నీడ పూర్తిగా పోయిందేమో అన్న ఆలోచన వచ్చింది.

"రాలేదు," అన్నాడు.

"ఓడినట్టేనా?"

"రాలేదన్నా కదా!"

ఘటకాలుడు ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. దండం పోలన్న గొంతు మీద ఆనించి ఏదో గొణిగాడు. ముల్లు గుచ్చిన చోట నుంచి దారం లాగినట్టు, సన్నటి గోధుమరంగు పోగు ఒకటి పోలన్న నోట్లోంచి సాగి, గిర్రున తిరిగి, కొత్త కుండలో పడింది. లక్కవ్వ ముద్ర వేసింది. పోలన్న నోరు తెరిచాడు. ఊపిరి వచ్చింది. అంతే వచ్చింది.

అప్పుడు, అన్నిటి కంటే కింది అరలో, మూతి పెచ్చు ఊడిన ఒక కుండ దగ్గింది.

"మిరప... మిరప మొదలు తడిసె మావా,
నా మెట్టెల దాకొచ్చె మావా..."

గొంతు బొంగురుపోయి ఉంది. నడుమ ఊపిరి తెగింది. "మావా" దగ్గర సాగదీయబోయి, ఓపిక లేక వదిలేసింది.

పోలన్నకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. వేసవి! గురివి గొంతును దోచుకుపోయింది నడివేసవిలో. నెర్రెలిచ్చిన కాలవ నీళ్ళు తాగేస్తుంది. బానల కొద్దీ పోసినా నీళ్ళు ఈడ్చుకుంటూ, ఆగుతూ, మెల్లగా పాకుతాయి. అతనేమో దారిలో వానకు తడిసి, వానాకాలపు కాలవ లెక్కన నిలబడ్డాడు. కుండలో ఆమె ఇంకా ఆ ఎండలోనే ఉంది. ఆ ఎండలోనే, కాళ్ళు తడిసేదాకా ఆగి, నిజం చెప్పింది.

సభలో ఎవరో వెక్కిన చప్పుడు. అందరూ తిరిగి చూశారు.

విజయధ్వజుడు ఏడుస్తున్నాడు. రాజులా కాదు. ముక్కు కారుతూ, నోరు వంకరపోతూ, పిల్లను పోగొట్టుకున్న మామూలు తండ్రిలా ఏడుస్తున్నాడు. రొమ్ము మీది రాయి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి గచ్చు మీద పడుతోంది. ఆయన లేచాడు. "ఇతని గొంతు... ఇతనికి తిరిగి..." అనబోయాడు.

ఆ మాట పూర్తి కాలేదు. రాజు శిలైతే సింహాసనం ఎక్కుదామని ఇంతకాలం కాచుకున్న ఘటకాలుడు దండం విసిరాడు. రాజు నోట్లోంచి బంగారురంగు పోగు ఒకటి సాగి మాంత్రికుడు పిల్లితోలు కింద చంకలో దాచుకున్న కుండలో దూరింది. రాజు నోరు కదులుతోంది. మాట లేదు. మరుక్షణం ఆ కుండలోంచి సాక్షాత్తూ మహారాజు కంఠం మోగింది.

"ఆ మోటవాణ్ణి నరకండి! నా మీద మంత్రం వేశాడు!"

సైన్యానికి మొహంతో పనేముంది? వాళ్ళకు అలవాటైంది ఆ కంఠమే. కన్నీళ్ళతో చేతులూపుతూ వద్దు వద్దంటున్న రాజును తోసుకుంటూ భటులు దూసుకొచ్చారు.

పోలన్న కింది అర దగ్గరికి దూకి పెచ్చూడిన కుండను ఎత్తుకున్నాడు. తన గొంతున్న కుండ అవతల ఘటకాలుడి కాళ్ళ దగ్గర ఉంది. పది అంగల్లో అందుతుంది. ఆ నడుమ ఈటెలున్నాయి. ఒక ఈటె వచ్చి పక్కనున్న కుండను పగలగొట్టింది. అందులోని గొంతు ఎవరో పసిబిడ్డ ఏడుపై గాలిలో కలిసి, కిటికీ వెదుక్కుంటూ పోయింది. గురివి కుండకు ఒక్క దెబ్బ తగిలితే ఆ గొంతు ఎటుపోతుందో! పోలన్న తన కుండ వైపు ఒక్కసారి చూశాడు. వదిలేశాడు.

"ఇట్ల రారా! తూములోకి!" లక్కవ్వ స్తంభం వెనక రాతిపలక లాగి అరిచింది. కుంపట్లోని కరిగిన లక్క గచ్చు మీద గుమ్మరించింది. ముందు వచ్చిన భటులు కాళ్ళు అంటుకుపోయి ఒకరి మీద ఒకరు పడ్డారు. పోలన్న ఆమె చెయ్యి పట్టుకుని లాగబోయాడు. "నన్నెందుకురా ఈడుస్తావు, ముసల్దాన్ని! పో, నీ పెండ్లాం దగ్గరికి పో!" అని ఆమె వీపు మీద ఒక్క తోపు తోసింది.

చీకటి తూములో జర్రున జారి, కోట గోడ అవతల అగడ్తలో పడ్డాడు. పడీపడకముందే మొసలి ఒకటి తలుపులా నోరు తెరిచింది. దాని దవడలకు భుజం చిక్కకుండా, కాళ్ళతో ముక్కు మీద తన్ని, ఆ తన్నుతోనే గట్టు వైపు తోసుకున్నాడు. పంచె దాని పళ్ళలో మిగిలిపోయింది. గోచితో, మొలదాకా బురదతో, రెల్లుపొదలో దూరి కుండను రొమ్ముకు హత్తుకుని కూచున్నాడు.

గట్టు మీద గుర్రాల డెక్కలు. రాజు కంఠం దూరం నుంచి ఆజ్ఞలిస్తోంది. భటులు ఈటెలతో రెల్లును పొడుస్తూ వస్తున్నారు. ఊపిరి బిగబట్టాడు.

రొమ్ము మీద కుండ కదిలింది.

"నా మెట్టెల దాకొచ్చె మావా..."

పాడి, ఆగింది. వాడుక ప్రకారం ఇప్పుడు అతను మళ్ళీ అందుకోవాలి. అతను అందుకునేదాకా ఆమె పిలుస్తూనే ఉంటుంది. పోలన్న నోరు తెరిచాడు. పెదవులు కదిపాడు. ఆ పొద్దు గడపలో గురివి కదిపినట్టే ఉంది తన నోరూ అని తోచింది.

"మావా? నీళ్ళు ఆపినావా?" కుండలో గొంతు ఈసారి కొంచెం పెంచింది. అందులో భయం ఉంది. "మావా, యాడున్నావు?"

"అదిగో! ఆడేదో పలికింది!" గట్టు మీద ఎవరో అరిచారు. గుర్రాలు ఇటు తిరిగాయి.

పోలన్న పిడికెడు బురద తీశాడు. కుండ మూతికి కొడితే చాలు, గొంతు లోపలే ఆగిపోతుంది. పొద్దుగూకేదాకా ఇక్కడే పడుకుని తప్పించుకోవచ్చు. బురద చెయ్యి మూతి దగ్గరికి వెళ్ళింది. లోపల నుంచి వెచ్చటి ఊపిరి అరచేతికి తగిలింది.

"మావా, పలకవేమి..."

బురద నీళ్ళలోకి జారిపోయింది. పోలన్న లేచాడు. కుండను బిడ్డను ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకుని, మూతి తన చెవి వైపు తిప్పుకుని, రెల్లు చీల్చుకుంటూ, ఈటెల ఎదుటే, బయలు మీద పడి పరుగెత్తాడు. వెనక గుర్రాలు. చెవిలో ఆమె పిలుస్తూనే ఉంది.